లెక్కకెక్కిన వాళ్లం, లెక్క రాయని వాళ్లం

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు రాయడానికి మా గల్లీకి ఒక టీచరమ్మ వచ్చింది. మంచి మనిషి. పొద్దున్నుంచీ తిరిగి అలసిపోయిందని మా ఇంట్లో కూచోబెట్టి చాయ్ ఇచ్చాం. చాయ్ తాగుతూనే ఫారం నింపింది. పేర్లడిగింది, వయసులడిగింది, ఎవరేం చదివారో అడిగింది. మాతృభాష మాత్రం అడగలేదు. ఉర్దూ అని తనే రాసేసుకుంది. మా మట్టుకు అది నిజమే. మా పక్కింటివాళ్లు మాత్రం కర్నూలు వైపు నుంచి వచ్చిన దూదేకులవాళ్లు. తాతల నాటినుంచీ వాళ్లింట్లో తెలుగే. నమాజులో చదివే నాలుగు అరబ్బీ మాటలు తప్ప ఇంకో భాష వాళ్ల నోట రాదు. వాళ్లకూ ఉర్దూ అనే రాసిందని తర్వాత తెలిసింది. అదేమిటమ్మా అంటే, "సాయిబులంటే ఉర్దూయే గదండీ" అందట.

ఆ టీచరమ్మ మీద మాకు కోపం లేదు. ఆమె మనసులో ఏ విషమూ లేదు. ఆమె చదివిన పుస్తకాల్లో, చూసిన సినిమాల్లో, విన్న మాటల్లో సాయిబు ఎట్లా ఉన్నాడో ఆమె కలం అట్లా రాసింది. కానీ ఆ గడిలో పడ్డ ఆ ఒక్కమాట అక్కడితో ఆగదు. అది వార్డు లెక్క అవుతుంది, జిల్లా లెక్క అవుతుంది, రాష్ట్రం లెక్క అవుతుంది. ఏ ఊళ్లో ఉర్దూ బడి ఉండాలో, ఎక్కడ అక్కర్లేదో తేల్చే కాగితం మీదికి ఎక్కుతుంది. అప్పుడిక ఆ మాటకు రాసినవాళ్లుండరు. అది 'గణాంకం' అయిపోతుంది. గణాంకంతో ఎవరూ వాదించరు.

మేం సాహిత్యం చదువుకున్నవాళ్లం. బి.ఏ.లో లెక్కల గండం తప్పిందని సంబరపడ్డవాళ్లం. తెలుగు కథలో, నవలలో, సినిమాలో మమ్మల్ని ఎట్లా చూపించారని మా తరం నిలదీసింది. అత్తరు సాయిబుగానో, కత్తి పట్టిన తురకగానో, హిందూ మిత్రుడి కోసం ప్రాణమిచ్చి కథలోంచి తప్పుకునే మంచి ముస్లింగానో తప్ప మాకు చోటెందుకు లేదని అడిగింది. మా కథ రాసినవాడెవడు, ఎక్కడ నిలబడి రాశాడు, ఎవర్ని వదిలేశాడు అని ప్రశ్నించింది. ఆ ప్రశ్నలవల్లే ఇవాళ ఇలాంటి సంకలనాలు వస్తున్నాయి. కానీ ఇన్నేళ్లలో ఒక పట్టికను చేతిలోకి తీసుకుని అవే ప్రశ్నలు మేం అడగలేదు. పట్టిక కూడా రచనే. దానికీ రచయిత ఉంటాడు. దానికీ దృక్కోణం ఉంటుంది. ఏ గడి పెట్టాలో, ఏ గడి పెట్టకూడదో నిర్ణయించే చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిది?

ఉర్దూలో జనాభా లెక్కను మర్దుమ్ శుమారీ అంటాం, మనుషుల్ని ఎంచడం అని. ఈ నేలమీద ఎంచే పని ఒకప్పుడు మావాళ్లు చేశారు. నిజాం రాజ్యంలో 1881 నుంచీ జనాభా లెక్కలు జరిగాయి. 1891, 1901 లెక్కల నివేదికలు రాసింది మీర్జా మెహదీ ఖాన్. 1941 లెక్కలకు పెద్ద మజ్‌హర్ హుసేన్. ఈ మాట చెప్పి మీసం మెలేసేవాళ్లు మాలో ఉన్నారు. మాకు ఆ సరదా లేదు. ఆ పేర్లు ముస్లింలవే గాని ఆ కుర్చీలు దర్బారువి. దూది ఏకేవాడు, మాంసం కోసేవాడు, అద్దకం పనివాడు, పాకీ పనిచేసే మెహతర్ ఆ రోజుల్లోనూ లెక్కకెక్కినవాళ్లే. లెక్క రాసింది వాళ్లు కాదు. దర్బారు పోయింది, కుర్చీలు పోయాయి, మిగిలింది ఈ రెండో రకం ముస్లింలే. ఈ వ్యాసం వాళ్ల పిల్లల గురించి.

ముందు మూడు పట్టికల్ని చదువుదాం.

మొదటిది జనాభా లెక్కల ఫారం. అందులో షెడ్యూల్డు కులమా అనే ప్రశ్న ఉంది. మతం దగ్గర ముస్లిం అని రాయగానే ఆ ప్రశ్న మాకు మూసుకుపోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఇచ్చారు. ముస్లిం, క్రైస్తవ దళితులకు ఇవ్వలేదు. ఇది చట్టం సంగతి, కోర్టుల సంగతి, సరే. కానీ గడి మూసేస్తే జరిగేదేమిటో చూడండి. మెహతర్ల ఇళ్లలో ఎంతమంది చదివారు, ఎంతమంది ఇంకా అదే పని చేస్తున్నారు అన్నది దేశం లెక్కలోకే రాదు. లెక్కలో లేని బాధను కోర్టులో రుజువు చెయ్యలేం. రుజువు లేదు గనక హోదా లేదు, హోదా లేదు గనక గడి లేదు, గడి లేదు గనక రుజువు లేదు. ఈ గుండ్రటి గోడ కట్టింది ఇటుకలతో కాదు, కాగితం మీద గీతలతో.

రెండోది సచార్ కమిటీ నివేదిక, 2006. దాన్ని మేం తలమీద పెట్టుకున్నాం. పెట్టుకోవలసిందే. ఐ.ఏ.ఎస్.లో మేం నూటికి 3, ఐ.పి.ఎస్.లో 4 అని అదే చెప్పింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ విద్యార్థులు పాతికమందిలో ఒకరు, పీజీ విద్యార్థులు యాభైమందిలో ఒకరు ముస్లిం అని అదే చెప్పింది. "ముస్లింలను బుజ్జగిస్తున్నారు" అనే అరవయ్యేళ్ల అబద్ధాన్ని ఒక్క పుస్తకం పడగొట్టింది. అంత పని ఒక ఉద్యమం చేసిందా, ఒక నవల చేసిందా? పట్టికలు చేశాయి. ఆ పట్టికలు వేయించిన సభ్య కార్యదర్శి అబూసాలె షరీఫ్ అనే ఆర్థికవేత్త. లెక్క రాసే గదిలో సరైన ప్రశ్న తెలిసిన మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మాకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అదే నివేదిక ఇంకో సాక్ష్యం కూడా ఇచ్చింది. ఏడుగురు సభ్యుల ఆ కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. మా ఆడవాళ్ల గురించి అందులో పేజీలున్నాయి. ప్రశ్న తయారుచేసిన బల్ల దగ్గర మాత్రం వాళ్లు లేరు. మమ్మల్ని వదిలేసిన వాళ్లను తప్పుపట్టే మేం, మేం వదిలేసిన వాళ్లను గుర్తుపెట్టుకోవాలి.

మూడో పట్టిక మన ఇంటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ 2004లో ఇచ్చారు, కోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ ఇచ్చారు, మళ్లీ కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫార్సు తర్వాత సామాజికంగా వెనకబడ్డ 14 ముస్లిం సమూహాలను బీసీ-ఇ కింద చేర్చి 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. ఆ నిలబడ్డ కొమ్మ పట్టుకునే మా పిల్లలు మెడికల్ సీట్లలోకి, ఇంజనీరింగ్ సీట్లలోకి ఎక్కారు.

ఈ కథ అందరికీ తెలుసు. తెలియనిది, తెలిసినా మేం పట్టించుకోనిది ఒకటుంది. హైకోర్టు ఆక్షేపణల్లో పెద్దది సర్వే పద్ధతి మీద. సర్వే శాస్త్రీయంగా జరగలేదని కోర్టు అంది. అంటే మా పిల్లల సీట్లు వేలాడింది శాంపిల్ అనే మాట మీద. ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లను, ఏ పద్ధతిలో ఎంచుకుంటే ఒక సమూహం స్థితి గురించి నమ్మకంగా మాట్లాడవచ్చు అనే ప్రశ్న మీద. ఆ రోజుల్లో విలేకరులుగా మేం ఎన్నో సభలకు వెళ్లాం. వేదిక మీద నాయకులు మాట్లాడారు, వకీళ్లు మాట్లాడారు, మౌలానాలు దువా చేశారు, షాయర్లు నజ్మ్‌లు చదివారు. శాంపిల్ గురించి మాట్లాడిన మనిషి మాకు కనిపించలేదు. అందరం కలిసి తీర్పును తిట్టాం. మేమూ తిడుతూ రాశాం. తీర్పులో తిట్టవలసింది ఎంతో, జవాబు చెప్పవలసింది ఎంతో విడదీసి చెప్పే చదువు మా దగ్గర లేదు. మా గొంతులో ఆవేశం ఉంది, మా చేతిలో పట్టిక లేదు.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి అంటాడు. "గణితానికి మతమేమిటి? రెండు రెళ్లు నాలుగు హిందువుకైనా ముస్లింకైనా ఒకటే కదా. లెక్కల్లో కూడా కోటాలు, అస్తిత్వాలు ఎందుకు?" ఈ మాట మా మిత్రులే, ప్రగతిశీలురే అన్నారు. నిజమే, ఎక్కానికి మతం లేదు. కానీ దేన్ని దేనితో హెచ్చవేయాలి, దేన్ని తీసేయాలి, ఎవరిని ఎవరితో జతచేయాలి అని నిర్ణయించేది ఎక్కం కాదు, మనిషి. ఆ మనిషికి ఒక ఊరుంది, ఒక బస్తీ ఉంది, తెలిసిన పేర్లు కొన్ని, తెలియని పేర్లు కొన్ని ఉన్నాయి.

పేర్ల సంగతే చెబుతాం. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు వ్యవస్థను వాడింది. ఒక మనిషి పేరుమీద ఏ శాఖలో ఏముందో, కారుందా, ఇల్లుందా, కరెంటు బిల్లెంత అని అన్నీ జతచేసి చూసి ఎవరు బీదవాళ్లో ఎవరు కాదో చెబుతుందది. 2024 జనవరిలో అల్ జజీరా దానిమీద ఒక పరిశోధన కథనం వేసింది. అందులో హైదరాబాదు బస్తీలో ఒక ముసలామె కథ ఉంది. ఆమె భర్త రిక్షా తొక్కినవాడు. ఆయన పేరుతో పేరు కలిసిన ఇంకెవరికో కారుంది. యంత్రం ఇద్దరినీ ఒక్కరే అనుకుంది. రిక్షావాలా కారు యజమాని అయిపోయాడు. ఆమెకు రేషన్ కార్డు పోయింది. ఆమె ఒక్కతే కాదు, 2014, 2019 మధ్య తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. వాటిని ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

రద్దయిన కార్డులు అన్ని కులాల, అన్ని మతాల పేదలవీ. మేం మా బాధనే పెద్దది చెయ్యడం లేదు. కానీ పేర్లు కలిపే యంత్రం ముందు మా పేర్ల సంగతి వేరు. మా బస్తీలో కేకేసి సయ్యద్ అంటే పదిళ్ల తలుపులు తెరుచుకుంటాయి. షేక్, సయ్యద్, మహమ్మద్ కొందరికి ఇంటిపేరులా ముందొస్తాయి, కొందరికి వెనకొస్తాయి. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, బ్యాంకులో ఎండీ, ఓటరు జాబితాలో ముహమ్మద్. షేక్ ఒకచోట షేక్, ఇంకోచోట ఎస్కే. ఆడవాళ్ల పేరు చివర బీ, బేగం, ఉన్నీసా ఇంటిపేర్లు కావు, అక్క బీ అయితే చెల్లెలు బేగం కావచ్చు. ఇవన్నీ మా ఇంట్లో ఆరేళ్ల పిల్లకు తెలుసు. పేర్లు కలిపే సూత్రం రాసేవాళ్లకు తెలియాలంటే, ఆ గదిలో ఇది తెలిసిన మనిషి ఒకరుండాలి. ఉండటమే చాలదు, ఆ మనిషి మాట చెల్లాలి.

ఈ "మాట చెల్లడం" అన్నదాని గురించి మాకు తెలిసిన ఒక అమ్మాయి కథ చెప్పాలి. పేరొద్దు. తండ్రి పంక్చర్లు వేస్తాడు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇంటర్‌లో సీఈసీ తీసుకొమ్మని బంధువులందరూ అన్నారు, ఆడపిల్లకు లెక్కలెందుకని. తల్లి పట్టుబట్టి ఎంపీసీలో వేసింది. డిగ్రీలో గణితం, గణాంక శాస్త్రం, కంప్యూటర్లు చదివి, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో చేరింది. వచ్చిన డేటాలో తప్పులు ఏరే పని. ఆమె తర్వాత చేరిన కుర్రాళ్లు రెండేళ్లకే మోడల్ తయారుచేసే జట్టులోకి వెళ్లారు. ఆమె ఆరేళ్లు తప్పులే ఏరింది. అడిగితే, "నీ పని చాలా బాగుంటుంది, నువ్వు లేకపోతే ఇక్కడ నడవదు" అన్నారు. ఇంకోసారి గట్టిగా అడిగితే, ఆ జట్టువాళ్లు క్లయింటు ముందు మాట్లాడాల్సి ఉంటుందని చెబుతూ పై అధికారి ఆమె తలమీద స్కార్ఫ్ వైపు చూశాడట. ఏమీ అనలేదు. చూశాడంతే.

ఒకరోజు వాళ్ల ప్రోగ్రాం ఖాతాదారుల జాబితాలో వందల మంది మహమ్మద్‌లను ఒకే మనిషి రెండుసార్లు నమోదైనట్టు లెక్కకట్టి తీసేస్తోందని ఆమె పట్టుకుంది. మీటింగులో చెబితే, "నీకెట్లా తెలుసు?" అని అడిగారు. "మా ఇంట్లోనే ముగ్గురు మహమ్మద్‌లున్నారు సార్" అంది. అందరూ నవ్వారు. ఆ తప్పు దిద్దారు. దిద్దిన పని మాత్రం వేరేవాళ్ల పేరుమీద పైకి వెళ్లింది.

డేటా సైన్స్‌లో మైనారిటీలు, దళితులు, ఆదివాసులు, ఆడవాళ్లు ఎందుకు లేరని అడిగేవాళ్లకు ఈ కథ సగం జవాబే. లేరని కాదు, ఉన్నచోట ఆగిపోయారు. గుమ్మం దాకా రానిచ్చి లోపలి గదికి పిలవని మర్యాద ఇది. కలకత్తాకు ఉత్తరాన బరానగర్‌లో భారత గణాంక సంస్థ ఉంది. 1931లో మహలనోబిస్ స్థాపించింది, ఈ దేశంలో సర్వే శాస్త్రానికి పుట్టిల్లు. అదే మహానగరానికి ఇంకో కొసన మెటియాబ్రూజ్ ఉంది, అవధ్ నవాబు వాజిద్ అలీ షాను రాజ్యం పోయాక ఉంచిన చోటు, ఇవాళ దర్జీల బస్తీ. అక్కడ ముస్లిం ఆడపిల్లలు కంప్యూటర్ల ముందు కూచుని కృత్రిమ మేధకు బొమ్మలు గుర్తుపట్టడం నేర్పుతున్నారు. ఇది కారు, ఇది చెట్టు, ఇది మనిషి అని ఒక్కొక్క బొమ్మకూ గుర్తు పెడతారు. ఆ పనితో వాళ్ల ఇళ్లు నడుస్తున్నాయి, వాళ్లు బయటికొచ్చారు. దాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ అడుగుతాం. మెటియాబ్రూజ్ నుంచి బరానగర్‌కు దారి ఏది? గుర్తు పెట్టే పిల్ల, ఏ గుర్తులు పెట్టాలో నిర్ణయించే మనిషి కావడానికి మధ్యలో ఎన్ని మెట్లున్నాయి, అందులో ఎన్ని విరిగి ఉన్నాయి?

తలుపు తెరవడానికి ఎంతకాలం పడుతుందో చూపే పాత కథ ఒకటి గణాంక శాస్త్రంలోనే ఉంది. ప్రపంచమంతా విద్యార్థులు రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని చదువుతారు. చేతిలో ఉన్న ముతక అంచనాను, సమాచారంలో పనికొచ్చేదంతా వాడుకుని మెరుగుపరచవచ్చుననీ, అలా చేస్తే అది మునుపటికన్నా చెడిపోదనీ ఆ సిద్ధాంతం సారం. అందులో రావు మన తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణ రావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదువుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరాడు. 1945లో ఆ ఫలితం ప్రచురించాడు. 2023లో, నూట మూడేళ్లకు దగ్గరపడుతూ చనిపోయాడు. ఆయనను తెలుగువాళ్లందరం మావాడు అంటాం. అనాలి.

రెండోవాడు డేవిడ్ బ్లాక్‌వెల్, అమెరికాలో నల్లవాడు. ఇరవై రెండేళ్లకే 1941లో డాక్టరేట్ తీసుకున్నాడు. 1942లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో తీసుకోవాలని జెర్జీ నేమన్ అనే పెద్ద గణాంకవేత్త ప్రయత్నించాడు. రంగు అడ్డొచ్చింది, ఉద్యోగం రాలేదు. బ్లాక్‌వెల్ నల్లవాళ్ల కాలేజీల్లో, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. తన పేరుమీద ఉన్న ఆ ఫలితం 1947లో అక్కడ ఉండగానే ప్రచురించాడు. బర్కిలీ తలుపు 1954లో తెరుచుకుంది. మధ్యలో పన్నెండేళ్లు. 1965లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైన మొదటి నల్లవాడయ్యాడు. కృత్రిమ మేధను నడిపే చిప్పుల తరానికి 2024లో ఎన్విడియా కంపెనీ పెట్టుకున్న పేరు ఆయనదే.

ఈ కథను "ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు" అని చెప్పడానికి వాడేవాళ్లున్నారు. మేం తిరగేసి చదువుతాం. అంతటి ప్రతిభనే పన్నెండేళ్లు ఆపగలిగారు. అంతటి ప్రతిభ లేని, మామూలు తెలివిగల నల్లపిల్లలు ఎంతమంది ఆగిపోయి ఉంటారు? హక్కు మేధావికి కాదు కావలసింది, మామూలు పిల్లకు. ఇంకోటి కూడా చూడాలి. తలుపు లోపల నేమన్‌లాంటి ఒక మనిషి ఉన్నాడు. 1942లో ఓడిపోయినా మరిచిపోలేదు. మా పంక్చర్ల తండ్రి కూతురికి తలుపు లోపల అలాంటి మనిషి లేడు.

ఇప్పుడు మమ్మల్ని మేం అడగాలి. మా జల్సాల్లో అల్ ఖ్వారిజ్మీ పేరు లేకుండా ఉపన్యాసం ముగియదు. అల్గారిథమ్ అనే మాట ఆయన పేరునుంచే పుట్టిందని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు మాకు అంత దగ్గర. మా గల్లీ చివర ఉర్దూ మీడియం హైస్కూల్లో లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉండటం మాత్రం మాకు దూరం. జకాత్ డబ్బుతో కుట్టుమిషన్లు పంచుతాం. బీద విధవకు కుట్టుమిషను పుణ్యమే. కానీ ఆమె కూతురికీ కుట్టుమిషనేనా? డేటా ఎంట్రీ కోర్సు పెట్టించి, సర్టిఫికెట్లు పంచి, ఫోటో దిగి, మా పత్రికలో వార్త వేయించుకున్న పెద్దలను మాకు తెలుసు. ఆ వార్తలు రాసింది మేమే. ఆ సర్టిఫికెట్ల పిల్లలు మూడేళ్ల తర్వాత ఎక్కడున్నారో చూడటానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

మా లోపలి గీతలు కూడా దాచడానికి వీల్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో చేసిన ఇంటింటి సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే అయిదుగురు ముస్లింలలో నలుగురు వెనకబడిన కులాలవాళ్లు. మా సంస్థల్లో, మా ట్రస్టుల్లో, మా పత్రికల్లో, ఈ సంకలనాల్లో కుర్చీల లెక్క తీస్తే ఈ నిష్పత్తి వస్తుందా? "ఇస్లాంలో కులం లేదు" అని చెప్పి మా పట్టికలో మేమే ఒక గడి మూసేశాం. ప్రభుత్వం మూసిన గడిని తెరవమని అడిగే నోరు, మన గడిని కూడా తెరవాలి.

ప్రభుత్వాల సంగతి చెప్పక్కర్లేదు. 2009లో మొదలుపెట్టిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ పీహెచ్‌డీ చేసే మైనారిటీ పిల్లలకు అన్నం పెట్టింది. 2022 డిసెంబరులో దాన్ని ఆపేస్తున్నామని పార్లమెంటులో చెప్పారు. కారణం, వేరే పథకాలతో కలిసిపోతోందట. కేంద్రం సొంత ఉన్నత విద్యా సర్వే ప్రకారమే 2020-21లో కాలేజీ విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం. 2011 లెక్కల్లో జనాభాలో మేం 14.2 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న గుంటను చూసి కూడా నిచ్చెన తీసేశారు.

కాబట్టి మేం అడిగేది దయ కాదు, కోర్సు కాదు, ఫోటో కాదు. మెట్లు. ఆరో తరగతి నుంచీ ఉర్దూ మీడియం, తెలుగు మీడియం బడుల్లో లెక్కల టీచర్లు. ఉర్దూలో చదివిన పిల్ల ఇంగ్లీషు లెక్కల పుస్తకం తెరవగానే మాటల దగ్గర జారిపడకుండా మూడు భాషల పదాలు పక్కపక్కన పెట్టిన చిన్న పుస్తకం. ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా శాస్త్రాలన్నిటినీ ఉర్దూలోకి తెచ్చిన ఊరిది, ఆ పని మనకు కొత్త కాదు. ఇంటర్ తర్వాత గణాంక సంస్థ ప్రవేశ పరీక్ష అనేది ఒకటుందని, డిగ్రీ తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ అనేది ఒకటుందని చెప్పే మనుషులు. ఎప్‌సెట్ కోచింగుకు పెట్టే డబ్బులో కొంత వీటికి. హబ్సిగూడలో గణాంక సంస్థ కేంద్రం ఉంది. మా బస్తీ నుంచి సిటీ బస్సు దూరం. మాలో ఎంతమందికి తెలుసు?

అన్నిటికన్నా ముఖ్యం, ఉద్యోగం వచ్చాక చేయి వదలకపోవడం. మేం ఉద్యోగం రాగానే మిఠాయి పంచి మరిచిపోతాం. వివక్ష అసలు మొదలయ్యేది అప్పుడే. పై మెట్టు ఎవరికిచ్చారు, చేసిన పనికి ఎవరి పేరు పెట్టారు, ఏ మీటింగుకు పిలవలేదు అన్నవి చెప్పుకోవడానికి ఆ పిల్లలకు ఒక చోటు ఉండాలి. పైకి వెళ్లినవాళ్లు కిందవాళ్లకు నెలకో గంట ఇవ్వాలి, నేమన్‌లా. ఇందులో మాతోపాటు దళిత పిల్లలు, లంబాడా పిల్లలు, బీసీ పిల్లలు ఉండాలి. యంత్రం కొట్టేసిన 19 లక్షల కార్డుల్లో మేం అందరం ఉన్నాం గదా, దిద్దే చోట కూడా అందరం ఉండాలి.

వచ్చే జనాభా లెక్కలు 2027 మార్చి 1ని లెక్కతేదీగా పెట్టుకుని జరుగుతాయి. కులం కూడా అడుగుతామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. 2011లో విడిగా కులాలడిగితే 46 లక్షల పేర్లు వచ్చి పడ్డాయని, వాటిని వాడలేమని ఆ కేంద్రమే 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అన్నవి ఒక కులానికి నాలుగు పేర్లా, నాలుగు కులాలా? ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటరు చెప్పదు. ఆ జాబితా తయారుచేసే బల్ల దగ్గర కూచున్నవాళ్లు చెబుతారు. అక్కడ ఒక దూదేకుల గణాంకవేత్త ఉంటే లెక్క ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా ఉంటుంది.

ఈసారి కాగితం ఫారం ఉండదట, టీచరమ్మ చేతిలో ఫోను ఉంటుందట. రానీ. ఆమెకు చాయ్ ఇస్తాం. పక్కింటివాళ్లనూ పిలుస్తాం. వాళ్ల పిల్ల ఇప్పుడు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. మాతృభాష దగ్గర ఏం నొక్కారో ఒకసారి చూపించమ్మా అని అడగడం ఆ పిల్లకే అప్పజెప్పాం.